దూది మంచు, ఉన్ని కండువా – మన వాడ పిల్లలు

డిసెంబర్ నెల పడిందంటే మోకిల చుట్టుపక్కల దూది మంచు కురుస్తది. విల్లాల గేట్ల ముందర, ఇంగ్లీషు బడుల మెట్ల మీద, పెద్ద దుకాణాల అద్దాల వెనక ఎక్కడ చూసినా తెల్లటి దూది, ఎర్రటి టోపీ. ఒకప్పుడు ఇవన్నీ జొన్న, కంది, కూరగాయలు పండిన చెలకలు. 2023 ఆగస్టులో హెచ్.ఎం.డి.ఎ. వాళ్లు మోకిల లేఅవుట్ ప్లాట్లు వేలం పెడితే గజం లక్ష రూపాయలు దాటింది. అట్లాంటి ఊర్లె మనోళ్లకు మిగిలిన పని విల్లాల గిన్నెలు తోముడు, తోటలకు నీళ్లు పెట్టుడు, గేటు కాడ నిలబడుడు. ఆ దూది అతికించేదీ మనోళ్లే, పండుగ అయినంక ఊడ్చి ఎత్తిపోసేదీ మనోళ్లే.

ఇంకో ముచ్చట కూడా ఈడనే చెప్పాలె. నిన్నమొన్నటి దాకా క్రిస్మస్ అంటే ఊర్లె "మాలమాదిగల పండుగ" అని వెక్కిరించేటోళ్లు. వాడల కాగితం నక్షత్రం కట్టుకుంటే మూతి తిప్పుకునేటోళ్లు. మెదక్ చర్చి మీకు తెలుసు. కరువు కాలంలో పనికి తిండి పెట్టి పదేండ్లు కట్టించిండ్రు పోస్నెట్ దొర. 1924 డిసెంబర్ 25 నాడు దాని తలుపులు తెరిచిండ్రు. ఆ రాళ్లు మోసిన చేతుల్లో మనోళ్లవి ఎన్నో. ఇయ్యాల అదే పండుగకు అగ్రవర్ణాల పిల్లలు సాంతా టోపీలు పెట్టుకొని ఫొటోలు దిగితే అది ఫ్యాషన్. మన ఇంటి మీద నక్షత్రం కడితే మాత్రం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ సర్టిఫికెట్ పోతదేమోనని భయం. ఆ ఉత్తర్వులో సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చిండ్రు గాని క్రైస్తవులను చేర్చలేదు. ఎవరు పెట్టుకుంటే అది టోపీ, ఎవరు పెట్టుకుంటే అది మచ్చ అనేది కులమే నిర్ణయిస్తున్నది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ చలికాలం సెలవుల ముందర సర్కారు బడులకు అట్టపెట్టెలు వస్తున్నయి. పాత స్వెట్టర్లు, సగం అరిగిన రంగు పెన్సిళ్లు, వాటితోపాటు పిల్లల బొమ్మల పుస్తకాలు. అన్నీ ఇంగ్లీషువి, ఎక్కువగా మంచు కథలవి. మేము బడిపంతుళ్లం, వచ్చిన పుస్తకాన్ని బీరువాల పెట్టి తాళం వేసే రకం కాదు. పిల్లలను చుట్టూ కూసోబెట్టుకొని చదివినం, తెలుగులో చెప్పినం.

కథ అన్నిట్ల ఇంచుమించు ఒకటే. మంచు కురుస్తది. ఒక చిన్న జంతువుకు, ఎలుకకో ఉడుతకో చలి పెడ్తది. తోటి జంతువులు అయ్యో అంటయి. ఒకటి తన ఉన్ని కండువా ఇస్తది. ఇంకొకటి ఇంట్లకు పిలిచి వేడి పాలు ఇస్తది. ఆఖరి పేజీల అందరూ దీపాలు పెట్టిన చెట్టు చుట్టూ నిలబడి పాట పాడ్తరు. దయగా ఉండాలె, స్నేహంగా ఉండాలె, ఇదీ నీతి.

బొమ్మలు బాగున్నయి. అబద్ధమెందుకు? మన పాఠ్యపుస్తకాల బొమ్మల కంటే చాలా బాగున్నయి. పిల్లలు పేజీ తిప్పనీయకుండా చేతులు అడ్డం పెట్టి చూసిండ్రు. గొర్రె మెడకు ఉన్ని కండువా కప్పిన బొమ్మ ఒకటి వస్తే కురుమోళ్ల పిల్లగాడు పడీ పడీ నవ్విండు. "సార్, గొర్రె దగ్గర ఉన్ని కోసుకొని మళ్ల గొర్రెకే ఇచ్చి, దయ చేసినం అంటున్నరా?" అన్నడు. దక్కని నల్లగొర్రె ఉన్నితో గొంగడి నేసే ఇంటి పిల్లగాడు వాడు. వాడికున్న తెలివి మన మేధావులకు ఉంటే ఎంత బాగుండు!

ఆ పిల్లగాని మాట పట్టుకొని మేము ఆ పుస్తకాలను మళ్ల చూసినం. చలి ఆకాశం నుంచి వచ్చింది, సరే. కండువా లేకపోవుడు ఎక్కడి నుంచి వచ్చింది? ఏ పుస్తకం కూడా ఈ ప్రశ్న అడగదు. ఎలుకకు కండువా ఎందుకు లేదు, ఎలుగుకు రెండు ఎందుకున్నయి? మొదటి పేజీకే ఎలుక వణుకుతూ ఉంటది. లేమి కూడా వానలాగ, మంచులాగ దానంతట అదే కురిసిందన్నట్టు ఉంటది కథ. ఇంకోటి చూడండి. ఇచ్చేటోనికి పేరుంటది, ఇల్లుంటది, ఇంట్ల పొయ్యి ఉంటది. పుచ్చుకునేటోనికి కండ్లు మాత్రమే ఉంటయి, పెద్ద పెద్ద కండ్లు. ఆఖర్ల వాడు చెప్పే మాట ఒక్కటే: థాంక్యూ.

మన పిల్లలు ఈ కథల ఎవరి జాగాల నిలబడుతున్నరో చెప్పాల్నా? పుస్తకం ఏ పెట్టెల వచ్చిందో చూస్తే చాలు. పాత స్వెట్టర్ల పెట్టెల వచ్చింది. విల్లా పిల్లగాడు ఆ పుస్తకం చదివి ఎలుగునని అనుకుంటడు. మన పిల్లగాడు అదే పుస్తకం చదివి ఎలుకనని అనుకుంటడు. ఒకే పుస్తకం, రెండు పాఠాలు. వానికి దయ నేర్పుతది, మనోనికి దండం నేర్పుతది.

మేము సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదివిన తరం. ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి ఇవన్నీ హాస్టల్ పిల్లలకు సర్కారు ఇయ్యాల్సినవి. ఎవరి దయ కాదు, బడ్జెట్ల రాసి ఉన్నది. మేము చదివిన హాస్టల్ల చలి పోయినంక దుప్పట్లు వచ్చిన ఏడు ఉన్నది, అసలే రాని ఏడు ఉన్నది. ఇద్దరం ముగ్గురం ఒక బొంతల ముడుచుకొని పండుకునేటోళ్లం. పొద్దుగాల ఐదింటికి చన్నీళ్ల స్నానం. అట్లాంటి ఒక డిసెంబర్ల దాతలు వచ్చిండ్రు. షామియానా వేసిండ్రు. మమ్ములను వరుసల నిలబెట్టిండ్రు. ఒక్కొక్కనికి దుప్పటి ఇచ్చుడు, ఫొటో తీసుడు. ఫొటో సరిగ్గ రాకుంటే దుప్పటి వెనక్కి తీసుకొని మళ్ల ఇచ్చుడు. దుప్పటి వెచ్చగనే ఉండె. కాదనం. కాని మా హక్కు దుప్పటి ఏ గోదాముల ఆగిందని ఆ షామియానా కింద ఒక్కరూ అడగలేదు. వార్డెన్ కూడా చప్పట్లు కొట్టిండు. దాతల దయ ఆ లెక్కను కప్పిపెట్టింది. అందుకే హాస్టల్‌కు దుప్పట్లు తెచ్చే దాతలకు సంఘం పిల్లలు ఒక మాట చెప్పాలె: "ఇయ్యండి, తీసుకుంటం. సర్కారు దుప్పటి ఎందుకు రాలేదో అడిగే కాగితం మీద మీరు కూడా సంతకం పెట్టండి." ఎంతమంది పెడ్తరో చూద్దాం.

దయ అంతా చెడ్డది అంటున్నమా? లేదు. బాబాసాహెబ్ జీవితం చూడండి. ఆయన 1907లో మెట్రిక్ పాసైతే కేలూస్కర్ అనే మరాఠీ రచయిత తాను రాసిన బుద్ధుని జీవితం పుస్తకాన్ని ఆయన చేతిల పెట్టిండు. పాత స్వెట్టర్ ఇయ్యలేదు. ఈ పిల్లగాడు చదువుతడు, ఆలోచిస్తడు అని నమ్మి పుస్తకం ఇచ్చిండు. యాభై ఏండ్ల తర్వాత నాగపూర్‌ల లక్షల మందితో బౌద్ధం తీసుకునే దాకా ఆ బుద్ధుడు బాబాసాహెబ్ వెంట నడిచిండు. ఇచ్చుడుల తేడా ఇది. ఒకడు నిన్ను వణికేటోనిగ చూసి ఇస్తడు. ఇంకొకడు నిన్ను తన సాటి చదువరిగ చూసి ఇస్తడు.

బాబాసాహెబ్ కరుణను కాదనలేదు గాని మైత్రిని దానికంటే ఎత్తున పెట్టిండు. 1954 అక్టోబర్ 3 నాడు ఆకాశవాణిల మాట్లాడుతూ తన తత్వం స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు మాటలల్ల ఉన్నదని, వాటిని ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుని నుంచి తీసుకున్ననని చెప్పిండు. రాజ్యాంగ పీఠికల కూడా సౌభ్రాతృత్వం ఉన్నది, దయ లేదు.

మంచు కథల్లనే దయ లేకుండా దోస్తీ ఉన్నది ఒకటి మాకు తెలుసు. ఉక్రెయిన్ జానపద కథ. ముసలోడు అడవిల పోతుంటే చేతి ఉన్ని తొడుగు ఒకటి మంచుల జారిపడ్తది. ఒక ఎలుక వచ్చి దాంట్ల దూరుతది. కప్ప వస్తది, నాకు జాగ ఉన్నదా అంటది. రా అంటది ఎలుక. కుందేలు వస్తది, నక్క వస్తది, తోడేలు వస్తది, అడవిపంది వస్తది, ఆఖరుకు ఎలుగుబంటి కూడా వస్తది. ఎవరూ ఎవరికీ దానం చెయ్యరు. ఎందుకంటే తొడుగు ఎవరిదీ కాదు. ముందు వచ్చింది ఎలుకనే అయినా ఇది మా తాతల తొడుగు అని పట్టా చూపియ్యదు. జరుగు, జరుగు అనుకుంట సర్దుకుంటరు. మన ఆర్టీసీ బస్సు లెక్క. ఈ కథ చెప్తే మన పిల్లలు నవ్వుకుంట ఒక బెంచీ మీద తొమ్మిది మంది ఎక్కి కూసున్నరు.

ఇంకో పుస్తకం గురించి కొంచెం ఎక్కువనే చెప్పాలె. అమెరికాల ఎజ్రా జాక్ కీట్స్ అనే చిత్రకారుడు 1962లో "ది స్నోయీ డే" అనే బొమ్మల పుస్తకం వేసిండు. ఆయన నల్లజాతి మనిషి కాదు. పోలండ్ నుంచి వలస వచ్చిన పేద యూదుల కొడుకు. ఇతరుల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నప్పుడు ఏ కథలనూ నల్ల పిల్లగాడు కనపడకపోవుడు ఆయనను సతాయించింది. 1940లో లైఫ్ పత్రికల వచ్చిన ఒక చిన్న నల్ల పిల్లగాని ఫొటోలు కత్తిరించి ఇరవై ఏండ్లు దాచిపెట్టుకున్నడు. ఆ పిల్లగాడే ఈ పుస్తకంల పీటర్. పీటర్‌కు ఎర్రటి చలి కోటు ఉన్నది. అది ఎవరో దానం ఇచ్చింది కాదు, వాడే తొడుక్కుంటడు. పొద్దున లేస్తడు, మంచుల అడుగులు వేస్తడు, కట్టెతో చెట్టును కొడ్తడు, మంచు ముద్ద జేబుల పెట్టుకొని ఇంటికి తెస్తడు. అది కరిగిపోతది. తెల్లారి ఎదురింటి దోస్తును పిలుచుకొని మళ్ల మంచులకు పోతడు. అంతే కథ! ఎవరూ వాని మీద జాలి పడరు. వాడు ఎవరికీ థాంక్యూ చెప్పడు. తెల్లోళ్ల దేశంల నల్ల పిల్లగాడు హాయిగ ఆడుకునుడే ఆ రోజుల పెద్ద వార్త అయింది. 1963లో ఆ పుస్తకానికి అక్కడి బొమ్మల పుస్తకాల పెద్ద బహుమతి కాల్డెకాట్ మెడల్ వచ్చింది.

అది ఒక్క పుస్తకమే. మిగతావి ఎట్లున్నయో నాన్సీ లారిక్ అనే ఆమె 1965లో లెక్క తీసింది. 1962, 63, 64 మూడేండ్లల్ల వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలు చూస్తే నల్లజాతి మనిషి ఒక్కడన్నా కనపడ్డవి 349 మాత్రమే. నూటికి ఏడు కూడా లేవు. ఆ లెక్కకు కారణం ఒక అయిదేండ్ల నల్ల పిల్ల అడిగిన ప్రశ్న: వీళ్లంతా ఎప్పుడూ తెల్ల పిల్లలే ఎందుకు? మన చందమామకు, బాలమిత్రకు, పండుగ ప్రత్యేక సంచికలకు ఎవరన్నా ఇట్లాంటి లెక్క తీస్తే ఏం తేలుతదో పాఠకులు ఊహించగలరు. "అనగనగా ఒక ఊర్లో ఒక బీద బ్రాహ్మణుడు" అన్నది మనకు నోటికి వచ్చు. "ఒక ఊర్లో ఒక డప్పు కొట్టే మాదిగాయన, ఆయన బిడ్డ శానా తెలివిగల్లది" అని మొదలయ్యే కథ ఏ అవ్వ చెప్పింది మనకు? అవ్వలు చెప్పిండ్రు. అచ్చుల రాలేదు.

ఉద్యమంల ఉన్న కొందరు అన్నలు అంటరు: భూములు పోతున్నయి, కేసులు నడుస్తున్నయి, మీరు బొమ్మల పుస్తకాల లొల్లి పెట్టుకున్నరా అని. అన్నలారా, 1919లో అమెరికాల ఊరూరా నల్లోళ్ల మీద దాడులు జరిగినయి. మరుసటి ఏడే, 1920 జనవరిల, డుబాయిస్ పిల్లల కోసం "ది బ్రౌనీస్ బుక్" అని నెలనెలా పత్రిక తెచ్చిండు. మన బాబాసాహెబ్ 1946లో ఉత్తరం రాసిన డుబాయిస్ ఈయననే. జెస్సీ ఫాసెట్ అనే నల్లజాతి రచయిత్రి దాన్ని సంపాదించింది. రెండేండ్లు, ఇరవై నాలుగు సంచికలు నడిచి ఆగింది. పైసలు లేక ఆగింది. కాని లాంగ్‌స్టన్ హ్యూస్ రాతలు మొదట అచ్చయిన జాగాలల్ల అది ఒకటి. హైదరాబాద్‌ల భాగ్యరెడ్డి వర్మ 1906లో పెట్టిన సంఘానికి పేరేంది? జగన్ మిత్ర మండలి. మిత్ర అన్న మాట అప్పుడే పెట్టిండు. నాలుగేండ్లకు మన పిల్లలకు బడి తెరిచిండు. పెద్దల పోరాటం, పిల్లల పుస్తకం వేరు వేరు అని ఆయన అనుకోలేదు.

మన దగ్గర ఎవరూ చెయ్యలేదని కాదు. హైదరాబాద్ అన్వేషి వాళ్లు 2008లో "డిఫరెంట్ టేల్స్" అనే వరుసల దళిత, ముస్లిం ఇండ్ల పిల్లల కథలు బొమ్మలతో తెచ్చిండ్రు. దాంట్ల ఖదీర్‌బాబు రాసిన తలకాయ కూర కథ ఉన్నది. తాండూరు పక్క పెద్దేముల్ బిడ్డ గోగు శ్యామల అక్క రాసిన బడెయ్య కథ ఉన్నది. మన చేవెళ్ల తొవ్వల పోతే వచ్చే ఊరి మాట, ఊరి యాస. కంచ ఐలయ్య గారు 2007లో ఇంగ్లీషుల పిల్లల కోసం చేతి పనుల పుస్తకం రాసిండ్రు. కుండ చేసేటోళ్లు, తోలు పని చేసేటోళ్లు, బట్టలు ఉతికేటోళ్లు దాంట్ల నాయకులు. గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేసింది. ఆమె, ఆమె భర్త కలిసే 2011ల "భీమాయన" బొమ్మలు కూడా వేసిండ్రు. దాంట్ల బాబాసాహెబ్ చిన్నప్పటి సెలవుల ప్రయాణం ఉన్నది. 1901ల పిల్లలు కొత్త బట్టలు తొడుక్కొని తండ్రి దగ్గరికి రైలు ఎక్కుతరు. దిగిన స్టేషన్ల కులం తెలిసినంక బండోడు ఎక్కించుకోడు. రెండింతల కిరాయి ఇస్తే, పిల్లలే బండి తోలుకుంటే సరే అంటడు, తాను పక్కన నడుస్తడు. గిన్నెల తిండి ఉన్నది, రాత్రంతా తాగ నీళ్లు దొరకలేదు. సెలవుల పుస్తకం అంటే ఇది కూడా.

ఈ పుస్తకాలు మన బడులకు ఎందుకు చేరలేదు? అట్టపెట్టెలల్ల రావు గనుక. వాటిని కొనాలె.

ఇయ్యాలటి కాలంల దోస్తీ కథ కావాల్నంటే అది కూడా ఒక డిసెంబర్లనే జరిగింది, చలి కొండల్లనే. 2021ల ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ సర్కారు బడిల మధ్యాహ్నం అన్నం వండే పనికి దళిత అక్కను పెట్టిండ్రు. అగ్రకులాల పిల్లలు ఆమె వండిన అన్నం ముట్టలేదు. అధికారులు ఆమెనే తీసేసిండ్రు. వంటకు దళితులకు ప్రాధాన్యం ఇయ్యాలని సుప్రీంకోర్టు 2004లనే చెప్పి ఉన్నది, అయినా తీసేసిండ్రు. అప్పుడు దళిత పిల్లలు ఏం చేసిండ్రు? ఆమె జాగాల వచ్చిన అగ్రకులపామె వండిన అన్నం మేమూ తినం అని కంచాలు పక్కన పెట్టిండ్రు. ఇండ్ల నుంచి డబ్బాలు తెచ్చుకున్నరు. సంగతి దేశమంతా తెలిసింది, అక్కను మళ్ల పనిల పెట్టుకున్నరు. ఆరేడు తరగతుల పోరగాండ్లు తమ ఆకలితో ఒక అక్క పక్కన నిలబడ్డరు. ఏ కండువా కథ దీని ముందర నిలుస్తది? దీన్ని ఎవరన్నా బొమ్మల పుస్తకం చేస్తే మన పిల్లలు ఎలుక కండ్లు వేసుకొని చూడరు. అగ్రకులాల పిల్లలు కూడా చదవాలె, వాళ్లకే ఎక్కువ అవసరం.

మోకిల, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి చుట్టుపక్కల ఉన్న సంఘం కార్యకర్తలకు, టీచర్ల దోస్తులకు మా మాట ఇది. సంక్రాంతి సెలవులు వస్తున్నయి. పతంగులు ఎగిరేసినంక పోరగాండ్లకు పని ఉండదు. అంబేడ్కర్ భవనంల గాని, చర్చి వరండాల గాని, ఏదీ లేకుంటే వేపచెట్టు కింద గాని కూసోబెట్టండి. మన చలికాలం గీయమనండి. మంచు వద్దు, మంచు మనం చూడలేదు. చలిమంట గీయమనండి, దాని చుట్టు ఎవరెవరు కూసుంటరో, ఎవరు దూరంగ నిలబడ్తరో గీయమనండి. ఉడకబెట్టిన అనపకాయలు, రేగుపండ్లు, గొంగడి, చేవెళ్ల తొవ్వ మర్రిచెట్లు, గేటు కాడ రాత్రి డ్యూటీ చేసే నాయిన. దీపాలు పెట్టిన చెట్టు కావాల్నంటే మర్రిచెట్టుకే పెట్టుకోమనండి. మాదిగ పిల్లలు, మాల పిల్లలు, కురుమ, చాకలి, తురక పిల్లలు ఒక్క దగ్గర కూసునేటట్టు చూడండి. మన వాడల్ల మాల మాదిగలకు కూడా వేరే వేరే మంటలు ఉన్నయి, ఆ సంగతి పిల్లలు గీస్తే చెరిపేయొద్దు.

తెల్ల కాగితం తావులు నాలుగు తీసుకొని మధ్యకు మడిచి కుడితే పదహారు పేజీల పుస్తకం అయితది. కుట్టుడు మనోళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కథ పిల్లలు చెప్పినట్టే, వాళ్ల మాటల్లనే రాయండి, గ్రాంథికం చెయ్యొద్దు. వాటిల్ల నాలుగైదు జిరాక్స్ తీయించి ఒకటి బడికి, ఒకటి పక్క ఊరి వాడకు ఇయ్యండి. ఒకటి పత్రికకు పంపండి. ఇంకొకటి, అట్టపెట్టెలు తెచ్చేటోళ్లు మళ్ల వచ్చినప్పుడు వాళ్ల పిల్లలకు చదవనీకి ఇయ్యండి. వెల ఇరవై రూపాయలు అని అట్ట మీద రాయండి, పైసలు తీసుకోండి.